వస్తాంది, పోతాంది: కారు మీటర్‌లో వెలిగి ఆరిపోయే లైట్లు, వారంటీ, ఒక నోట్‌బుక్

సీఎస్ఈ వాళ్లందరికీ ఒక బాధ తెలుసు. ప్రోగ్రామ్ పదిసార్లు రన్ చేస్తే తొమ్మిదిసార్లు బాగుంటుంది, ఒక్కసారి క్రాష్ అవుతుంది. ల్యాబ్‌లో మేడమ్‌ని పిలిచి చూపిద్దామంటే మాత్రం బుద్ధిగా రన్ అవుతుంది. ఇలాంటి బగ్గులకి 'హైసెన్‌బగ్' అని పేరుంది. 1985లో జిమ్ గ్రే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అనే విషయం మీద రాసిన పేపర్‌లో ఈ మాట వాడాడు. ఎప్పుడు రన్ చేసినా ఒకేలా వచ్చే బగ్ 'బోర్‌బగ్'. చూద్దామంటే మాయమయ్యేది 'హైసెన్‌బగ్'. రెండు పేర్లూ ఫిజిక్స్ శాస్త్రవేత్తల పేర్ల నుంచే వచ్చాయి.

కార్లలో కూడా హైసెన్‌బగ్ ఉంటుంది. మీటర్‌లో ఒక పసుపు లైటు వెలుగుతుంది, రెండు కిలోమీటర్లు పోయాక ఆరిపోతుంది. షోరూముకి తీసుకెళ్తే అక్కడ వెలగదు. "ఇప్పుడు ఏం లేదు కదా సార్, మళ్లీ వస్తే తీసుకురండి" అంటారు. మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. ఈలోపు వారంటీ అయిపోతుంది. ఆ తర్వాత ఆ లైటు పర్మనెంట్‌గా వెలిగితే బిల్లు మనదే.

ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. వచ్చి పోయే లైటుని వారంటీ ఉన్నప్పుడే కాగితం మీదికి ఎక్కించాలి. దాన్ని ఎలా చేయాలో అర్థం కావాలంటే, ముందు ఆ లైటు వెనక ఏం జరుగుతుందో తెలియాలి. అది మన సిలబస్‌కి చాలా దగ్గర విషయం.

మా ఊరు, మా కార్లు

మాది కొత్తచెరువు, శ్రీ సత్యసాయి జిల్లా. మా వైపు కార్ల గురించి మాట్లాడటం కొత్త కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే కియా ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. ఒకప్పుడు శనక్కాయ, పట్టుపురుగులు, ధర్మవరం చీరల మాటలు నడిచే టీ అంగడి దగ్గర ఇప్పుడు సెన్సార్లు, వెండర్ కంపెనీలు, షిఫ్టుల మాటలు కూడా నడుస్తాయి.

డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ ఎంత ముఖ్యమో చెప్పే ఒక ఉదాహరణ కూడా ఆ ఫ్యాక్టరీకి సంబంధించిందే. 2023 జూన్‌లో కియా 30,297 కారెన్స్ కార్లని వెనక్కి పిలిచింది. అవి 2022 సెప్టెంబరు నుంచి 2023 ఫిబ్రవరి మధ్య తయారైనవి. మీటర్ స్క్రీన్ బూట్ అయ్యేటప్పుడు తప్పు జరిగి, స్క్రీన్ ఖాళీగా ఉండిపోయే అవకాశం ఉందని కంపెనీయే చెప్పి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఫ్రీగా చేసింది. స్క్రీన్ అనేది ఒక కంప్యూటర్, దానికి బూట్ ప్రాసెస్ ఉంటుంది, అందులో బగ్ రావొచ్చు అని ఆ ప్రకటన చదివినప్పుడు నాకు బాగా అర్థమైంది. ఇలాంటి రీకాల్ మీ కారుకి ఉందా లేదా అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ, సర్వీస్ సెంటర్‌లో గానీ 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఇచ్చి తెలుసుకోవచ్చు. లైటు సమస్య వస్తే మొట్టమొదట చేయాల్సిన పని ఇది. ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ఇక కింద చెప్పబోయే మా మామ కారు వేరే కంపెనీది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అవసరం లేదు. ఏ కంపెనీ కారుకైనా ఇది జరగొచ్చు.

ముందు రంగు చూడండి

డ్యాష్‌బోర్డు గుర్తులకి ప్రపంచమంతా ఒక స్టాండర్డ్ ఉంది, ఐఎస్ఓ 2575. అందుకే ఏ దేశపు కారులో చూసినా ఇంజిన్ బొమ్మ, నూనె డబ్బా బొమ్మ దాదాపు ఒకేలా ఉంటాయి. రంగుల లెక్క ట్రాఫిక్ సిగ్నల్ లాంటిది. పచ్చ, నీలం అంటే ఏదో ఆన్‌లో ఉందని సమాచారం. పసుపు అంటే ఏదో తేడా ఉంది, తొందరగా చూపించండి అని. ఎరుపు అంటే ప్రమాదం, ఆపండి అని.

ఇక్కడ చాలామంది "వచ్చి పోయింది కదా, చిన్నదే అయ్యుంటుంది" అనుకుంటారు. వచ్చి పోవడానికీ, సమస్య చిన్నదా పెద్దదా అన్నదానికీ సంబంధం లేదు. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా ఒక్క క్షణం మెరిసినా బండి పక్కకి ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, ఆయిల్ చూడాల్సిందే. ఆయిల్ ప్రెషర్ లేకుండా ఇంజిన్ కొద్దిసేపు తిరిగినా లోపల అరిగిపోతుంది. ఇంజిన్ వేడి గుర్తు కూడా అంతే.

చెక్ ఇంజిన్ లైటు పసుపుగా నిలకడగా ఉంటే నెమ్మదిగా సర్వీస్ సెంటర్ దాకా పోవచ్చు. అదే లైటు టపటపా కొట్టుకుంటుంటే, సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండటం లేదని అర్థం. మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. స్పీడు తగ్గించి ఆపడం మంచిది. ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, కానీ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు లాక్ కాకుండా కాపాడే పని ఉండదు. ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వస్తే బండి నడపకూడదు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఉన్నప్పుడు యాక్సిడెంట్ అయితే బ్యాగ్ తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు.

ఇంకో చిన్న విషయం. తాళం తిప్పగానే వార్నింగ్ లైట్లు ఒకసారి వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది కారు తనకు తాను చేసుకునే టెస్ట్. ఆ టైంలో ఏదైనా లైటు అసలు వెలగకపోతే అది కూడా కంప్లైంటే. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడాలి.

లైటు వెనక ఉన్న ప్రోగ్రామ్

మన దేశంలో కార్లకి ఓబీడీ, అంటే బండి తన తప్పుల్ని తనే కనిపెట్టి రాసుకునే పద్ధతి, దశలవారీగా వచ్చింది. బీఎస్-4 కార్లకి 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. అమెరికాలో అయితే 1996 నుంచే అన్ని కొత్త కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. మెకానిక్ స్కానర్ పెట్టేది అక్కడే.

ఇంజిన్ కంప్యూటర్ తప్పు కనిపించగానే లైటు వెలిగించదు. మన కోడ్‌లో ఒక్కసారి టైమ్‌అవుట్ రాగానే ఎర్రర్ చూపించకుండా మళ్లీ ప్రయత్నించినట్టే ఇక్కడా ఉంటుంది. పొగకి సంబంధించిన చాలా తప్పులకి లెక్క ఇలా నడుస్తుంది. మొదటి ప్రయాణంలో తప్పు కనిపిస్తే 'పెండింగ్ కోడ్' అని రాసుకుంటుంది, లైటు వెలగదు. తర్వాతి ప్రయాణంలో కూడా అదే తప్పు కనిపిస్తే అప్పుడు 'కన్ఫర్మ్డ్ కోడ్' అవుతుంది, లైటు వెలుగుతుంది. ఆ తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనిపించకపోతే సాధారణంగా లైటు దానంతట అదే ఆరిపోతుంది. కానీ కోడ్ మాత్రం మెమరీలో ఉంటుంది. ఇంజిన్ చల్లగా స్టార్టయి వేడెక్కడం దాదాపు 40 సార్లు జరిగాక గానీ అది చెరిగిపోదు.

ఇందులో మనకి కావాల్సిన పాయింట్ ఏంటంటే, లైటు ఆరిపోయినా సాక్ష్యం లోపలే ఉండొచ్చు. కాబట్టి "ఇప్పుడు లైటు లేదు కదా" అన్నది సర్వీస్ సెంటర్ వాళ్లు స్కానర్ పెట్టకపోవడానికి కారణం కాదు. "లైటు లేకపోయినా ఫరవాలేదు, స్టోర్డ్ కోడ్లు, పెండింగ్ కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ మూడూ చూడండి" అని అడగాలి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే తప్పు జరిగిన క్షణంలో స్పీడు, ఇంజిన్ ఆర్‌పీఎం, కూలెంట్ వేడి లాంటివి ఎంతెంత ఉన్నాయో తీసిన స్నాప్‌షాట్. మన భాషలో క్రాష్ డంప్.

కోడ్ ఎలా ఉంటుందో కూడా చూద్దాం, మనవాళ్లకి నచ్చుతుంది. ఒక అక్షరం, నాలుగు అంకెలు. 'పి' అంటే ఇంజిన్, గేర్ల వైపు. 'సి' అంటే బ్రేకులు, స్టీరింగ్ వైపు. 'బి' అంటే బాడీ. 'యు' అంటే నెట్‌వర్క్. కారు లోపల ఇది రెండు బైట్లుగా ఉంటుంది. మొదటి రెండు బిట్లు అక్షరాన్ని చెబుతాయి: 00 అయితే పి, 01 సి, 10 బి, 11 యు. తర్వాతి రెండు బిట్లు మొదటి అంకె. మిగతా పన్నెండు బిట్లు మూడు హెక్స్ అంకెలు. యు0100 అన్న కోడ్‌ని బైనరీలోకి మార్చి చూడండి, హెక్స్‌లో సి1 00 వస్తుంది. దాని అర్థం ఇంజిన్ కంప్యూటర్‌తో మాట తెగిపోయింది అని.

రెండు వైర్ల మీద అందరూ మాట్లాడతారు

ఇప్పటి కారులో ఒక కంప్యూటర్ కాదు, చాలా ఉంటాయి. ఇంజిన్‌కి ఒకటి, ఏబీఎస్‌కి ఒకటి, స్టీరింగ్‌కి ఒకటి, ఎయిర్‌బ్యాగ్‌కి ఒకటి, మీటర్‌కి ఒకటి. ఇవన్నీ మాట్లాడుకునే పద్ధతి క్యాన్ బస్. బాష్ కంపెనీ దీన్ని 1986లో డెట్రాయిట్‌లో ప్రకటించింది, 1993లో ఐఎస్ఓ 11898గా స్టాండర్డ్ అయింది. రెండు వైర్లు మెలివేసి ఉంటాయి. ఊరికే ఉన్నప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 వోల్టులు. సందేశం పంపేటప్పుడు ఒకటి 3.5కి లేస్తుంది, ఇంకోటి 1.5కి దిగుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చిన్న ఐడీ ఉన్న సందేశం గెలుస్తుంది, రెండోది ఆగి మళ్లీ పంపుతుంది.

ఒక మాడ్యూల్ పదే పదే తప్పుగా మాట్లాడుతుంటే దాని ఎర్రర్ కౌంటర్ పెరుగుతుంది. పంపడంలో తప్పుల లెక్క 255 దాటితే అది తనంతట తనే బస్ నుంచి తప్పుకుంటుంది. క్లాసులో గొడవ చేసేవాడు తనే లేచి బయటికి పోయినట్టు. అది పోగానే దాని సమాచారం మీద ఆధారపడే మిగతా మాడ్యూళ్లన్నీ "నాకు డేటా రావట్లేదు" అని తమ తమ లైట్లు వెలిగిస్తాయి.

అందుకే డయాగ్నసిస్‌లో ఒక మంచి సూత్రం ఉంది. సంబంధం లేని మూడు నాలుగు లైట్లు ఒకేసారి వస్తే, మూడు నాలుగు పార్టులు ఒకేసారి పాడయ్యాయని అనుకోకూడదు. అన్నింటికీ ఉమ్మడిగా ఉండేది ఏంటో చూడాలి. కరెంటు, ఎర్త్, నెట్‌వర్క్, ఈ మూడే సాధారణంగా ఉమ్మడి. బలహీనమైన బ్యాటరీ, వదులైన ఎర్త్ బోల్టు, తుప్పు పట్టిన కనెక్టర్, ఎలుకలు కొరికిన వైరు, ఇవి రోజూ దొరికే కారణాలు. ఒక్క ఏబీఎస్ లైటే వచ్చి పోతుంటే మాత్రం ఏదో ఒక చక్రం దగ్గరి స్పీడ్ సెన్సార్‌కి బురద పట్టిందేమో, దాని వైరు రాసుకుపోయిందేమో చూడాలి.

మామ కారు సంగతి

మా మామ టాక్సీ నడుపుతాడు. ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్ మా కొత్తచెరువు పక్కనే కదా. రైలు దిగిన భక్తుల్ని పుట్టపర్తికి, అక్కడి నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తుంటాడు. కారు అప్పు మీద తీసుకున్నది, నెలనెలా కంతు కట్టాలి. బండి ఒక రోజు షోరూములో ఉంటే ఆ రోజు సంపాదన పోయినట్టే.

ఆ కారులో ఏబీఎస్, స్టీరింగ్, హిల్ అసిస్ట్ లైట్లు మూడూ కలిసి వెలిగేవి. పది ఇరవై సెకన్లకి ఆరిపోయేవి. మామ రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కి పోయాడు. రెండుసార్లూ ఏమీ కనపడలేదు. రెండోసారి "బయట పెట్టించిన రివర్స్ కెమెరా వల్ల అయ్యుంటుంది" అన్నారు. జాబ్ కార్డులో మాత్రం మొదటిసారి 'జనరల్ చెకప్' అని, రెండోసారి 'వాటర్ వాష్' అని ఉంది. లైట్ల మాటే లేదు.

"ఏమప్పా అల్లుడా, కంప్యూటర్ చదువుతాండావు కదా, ఇదేందో చూడు. లైటు వస్తాంది, పోతాంది. నేను చెప్తే వాళ్లు నమ్మడం లే" అన్నాడు.

నేను మొదట చూసింది వారంటీ పుస్తకం. మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మామ లెక్కలో ఇంకా ఎనిమిది నెలలు ఉంది, ఎందుకంటే కారు కొని 28 నెలలే. కానీ మీటర్‌లో 86,000 ఉంది. అంటే నెలకి మూడు వేల చిల్లర. మిగిలిన 14,000 కిలోమీటర్లు నాలుగున్నర నెలల్లో అయిపోతాయి. టాక్సీ వాళ్లకి వారంటీ తేదీ మీద కాదు, మీటర్ మీద అయిపోతుంది. మామ కాసేపు మాట్లాడలేదు. "అయితే ఉగాదికే పోతాది" అన్నాడు.

అందుకని డ్యాష్‌బోర్డు అరలో ఒక నోట్‌బుక్ పెట్టాం. లైటు వచ్చిన ప్రతిసారీ బండి ఆపాక రాయాలి: తేదీ, టైం, మీటర్ రీడింగ్, ఎక్కడ, స్పీడు ఎంత, ఏసీ ఉందా, వాన ఉందా, ఎన్ని సెకన్లు, ఏయే లైట్లు. నడుపుతూ ఫోన్ తీయకూడదని ముందే అనుకున్నాం. పక్కన ఎవరైనా ఉంటే వీడియో వాళ్లు తీస్తారు, మీటర్ రీడింగ్ కూడా ఫ్రేమ్‌లో పడేలా. నేను హాస్టల్‌కి వచ్చేశాక మామ ఆ పేజీల ఫోటోలు వాట్సాప్‌లో పంపేవాడు.

ఆరు వారాల్లో 14 ఎంట్రీలు వచ్చాయి. అందులో 12 ఊరి రోడ్ల మీద, స్పీడ్ బ్రేకర్ల దగ్గర, గుంతల దగ్గర. రెండు పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు. హైవే మీద ఒక్కటి కూడా లేదు, ఆ ఆరు వారాల్లో సగానికి పైగా కిలోమీటర్లు హైవే మీదే నడిచినా కూడా. అంటే వేడి కాదు, స్పీడు కాదు, కుదుపు. ఏదో కదులుతోంది.

రివర్స్ కెమెరా అనుమానం కూడా తీర్చుకున్నాం. మూడో వారం, నాలుగో వారం దాని కనెక్షన్ పూర్తిగా పీకించి ఉంచాం. ఆ రెండు వారాల్లో కూడా ఐదుసార్లు లైట్లు వచ్చాయి. డీబగ్గింగ్‌లో మనకి చెప్పేదే, ఒకసారికి ఒక్కటే మార్చి చూడు అని.

ఆ నోట్‌బుక్, మూడు వీడియోలు తీసుకుని మామ మళ్లీ పోయాడు. సర్వీస్ అడ్వైజర్ ఈసారి పేజీలు చివరి దాకా చదివాడు. టెక్నీషియన్ ల్యాప్‌టాప్ తగిలించుకుని, షోరూము ముందరి నున్నటి రోడ్డు మీద కాకుండా, వెనక వీధిలో స్పీడ్ బ్రేకర్లు ఉన్న దారిలో బండి తిప్పాడు. మూడో బ్రేకర్ దగ్గర మూడు లైట్లూ వచ్చాయి. ఏబీఎస్, స్టీరింగ్ రెండు మాడ్యూళ్లలోనూ వోల్టేజ్ తగ్గిందన్న కోడ్లు ఉన్నాయి. తర్వాత బానెట్ తెరిచి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, వైరింగ్ ఒక్కో చోట చేత్తో కదిలిస్తూ పోయాడు. బాడీకి బిగించిన ఒక ఎర్త్ పాయింట్ దగ్గర చెయ్యి పెట్టగానే లైట్లు వచ్చాయి. బోల్టు వదులుగా ఉంది, కింద తుప్పు ఉంది. తుప్పు గీకి, వైరు కొసన ఉండే లగ్ మార్చి, గట్టిగా బిగించారు. బిల్లు సున్నా. ఆ తర్వాత 5,000 కిలోమీటర్ల పైన తిరిగాడు, ఆ మూడు లైట్లూ కలిసి మళ్లీ రాలేదు.

ఇక్కడ సర్వీస్ వాళ్లని తిట్టాలని నాకు లేదు. ఒక టెక్నీషియన్‌కి రోజుకి ఎన్నో బండ్లు వస్తాయి. "అప్పుడప్పుడు వస్తాంది" అంటే అతను ఎక్కడ వెతకాలి? "గుంతలో పడ్డప్పుడు వస్తాంది, హైవేలో రాదు, కెమెరా తీసేసినా వస్తాంది" అంటే అతనికి దారి దొరుకుతుంది. గిట్‌హబ్‌లో 'ఇట్స్ నాట్ వర్కింగ్' అని ఇష్యూ పెట్టినవాడికి ఎవరూ జవాబివ్వరు కదా.

జాబ్ కార్డులో ఏం ఉండాలి

మన నోట్‌బుక్ మనకి సాక్ష్యం. కంపెనీ లెక్కలో సాక్ష్యం జాబ్ కార్డు. అందుకే బండి ఇచ్చేటప్పుడు మన కంప్లైంట్‌ని మన మాటల్లోనే రాయించాలి. 'జనరల్ చెకప్' అని రాస్తే సంతకం పెట్టకూడదు. ఇలా రాయమని అడగొచ్చు:

"ఏబీఎస్, స్టీరింగ్, హిల్ అసిస్ట్ వార్నింగ్ లైట్లు గుంతల్లో కలిసి వెలిగి, 10–20 సెకన్లలో ఆరిపోతున్నాయి. ఆరు వారాల్లో 14 సార్లు. వీడియో చూపించారు."

బండి తిరిగి తీసుకునేటప్పుడు ఇంకో మూడు చూడాలి. స్కాన్‌లో ఏ కోడ్లు వచ్చాయి, ఏం పని చేశారు, మీటర్ రీడింగ్ ఎంత. "ఏమీ దొరకలేదు" అన్నా సరే, అదే మాట రాసి ఇమ్మనాలి. ఎందుకంటే వారంటీ అయ్యాక అదే లైటు మళ్లీ వస్తే, "ఇది కొత్త సమస్య కాదు, వారంటీలో ఉన్నప్పుడే మూడుసార్లు చెప్పాం" అనడానికి ఆ కాగితాలే ఆధారం. వారంటీ అయిపోయే ముందు ఒకసారి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ కూడా పెట్టి, జాబ్ కార్డు నంబర్లన్నీ అందులో రాయడం మంచిది. ఫోన్‌లో చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు, ఈమెయిల్ తేదీతో సహా ఉంటుంది.

చేయకూడని పనులు

ఒకటి, సర్వీస్ సెంటర్‌కి పోయే ముందు బ్యాటరీ వైరు పీకి పెట్టడం. యూట్యూబ్‌లో ఇది బాగా చెప్తారు. లైటు పోతుంది నిజమే, కానీ దాంతో పాటు చాలా కార్లలో కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతాయి. లాగ్ ఫైల్ డిలీట్ చేసి బగ్ పోయిందనుకోవడం లాంటిదే.

రెండు, ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ స్కానర్‌తో 'క్లియర్ కోడ్స్' నొక్కడం. చదవడానికి వాడండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి, చెరిపే బటన్ జోలికి పోకండి. ఇంకో విషయం, చవక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లు మాత్రమే చూపిస్తాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ వైపు చూడవు. "యాప్‌లో ఏమీ లేదు" అంటే కారులో ఏమీ లేదని కాదు. పని అయ్యాక దాన్ని సాకెట్‌లోంచి తీసేయండి.

మూడు, వారంటీలో ఉన్న బండికి బయట వైర్లు కత్తిరించి ఫిట్టింగులు పెట్టించడం. హారన్, ఫాగ్ లైట్లు, మ్యూజిక్ సిస్టం కోసం వైరు మధ్యలో కోసి టేపు చుడితే, ఆ వైరింగ్‌కి సంబంధించిన వారంటీ కాదనడానికి కంపెనీకి కారణం ఇచ్చినట్టే. పెట్టించాలంటే వైరు కోయకుండా కనెక్టర్‌తో పెట్టించండి, బిల్లు దాచుకోండి.

నాలుగు, సర్వీసులు ఆలస్యం చేయడం. పుస్తకంలో చెప్పిన టైంకి సర్వీసు చేయించలేదన్న పాయింట్ వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

అయినా వినకపోతే

అప్పుడు చట్టం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, అమల్లోకి వచ్చింది 2020 జూలైలో. మొదట 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా గొడవలు అక్కడే తేలిపోవచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనం చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే అక్కడే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఆపైన కొద్దిగా ఉంటుంది. కంపెనీ ఆఫీసు ఏ సిటీలో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే వేసుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. కేసుకి కారణం పుట్టినప్పటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. అవసరమైతే వస్తువుని ల్యాబ్‌లో పరీక్ష చేయించే అధికారం కూడా కమిషన్‌కి ఉంది.

మామ లాంటి వాళ్లకి ఒక అనుమానం వస్తుంది. "మాది టాక్సీ కదా, వ్యాపారానికి కొన్నది వినియోగదారుడు కిందికి రాదంటారే" అని. చట్టంలోనే దానికి వివరణ ఉంది. స్వయం ఉపాధి కోసం, తన బతుకుతెరువు కోసం మాత్రమే కొనుక్కుని తనే వాడుకునే మనిషి వినియోగదారుడే. ఒక కారు కొనుక్కుని తనే నడుపుకునే డ్రైవర్‌కి ఇది చాలా పెద్ద ఊరట. అయితే అక్కడికి పోయినా అడిగేది కాగితాలే. జాబ్ కార్డులు, ఈమెయిళ్లు, వీడియోలు లేకుండా "వస్తాంది, పోతాంది" అని నోటిమాట చెప్తే అక్కడ కూడా కష్టమే.

ఈ సెలవుల్లో

మనలో చాలామంది ఇళ్లలో కారో, ఆటోనో, ట్రాక్టరో ఉంటుంది. నాన్నకో, మామకో, అన్నకో లైటు గుర్తుల అర్థం తెలియకపోవచ్చు, పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి చదివి ఉండకపోవచ్చు. మనం పదిహేనేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివాం, ఆ చదువు ఇలాంటి చోట పనికి రావాలి కదా. ఊరికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. వారంటీ పుస్తకం తీసి, తేదీ, కిలోమీటర్లు రెండూ చూసి, ఏది ముందు అయిపోతుందో లెక్కగట్టి చెప్పండి. ఎర్ర లైట్ల బొమ్మలు కాగితం మీద గీసి, వాటి అర్థం తెలుగులో రాసి, బండిలో అంటించండి. పది రూపాయల నోట్‌బుక్ ఒకటి, పెన్ను ఒకటి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. మొదటి పేజీలో గళ్లు మీరే గీసి ఇవ్వండి: తేదీ, టైం, కిలోమీటర్లు, చోటు, స్పీడు, రోడ్డు ఎలా ఉంది, ఏ లైటు, ఎంతసేపు. మిగతాది వాళ్లు రాసుకుంటారు.